నల్లమలయు మన విద్యార్థి యాత్రలును

శీతకాలము వచ్చెనన్న మన ప్రాంతమునందలి ఉన్నత పాఠశాలలనుండి బస్సులు బయలుదేరి నల్లమల దారి పట్టుట ప్రతి సంవత్సరమును మనము చూచుచున్నదే. దేశాటనమును మన పెద్దలు విద్యలో నొక భాగముగా నెంచిరి. పుస్తకమున చదివినది కన్నులార చూచిననేగాని మనస్సున నాటుకొనదు. నాలుగు గోడల నడుమ సంవత్సరమంతయు గడపు బాలబాలికలకు కొండగాలి సోకుటయే యొక మేలు. కావున ఈ యాచారమును నిందించుటకు నేను పూనుకొనలేదు. ఇది మానవలసినది కాదు, బాగుచేయవలసినది. ఎట్లు బాగుచేయవచ్చునో నాకు తోచినంతవరకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇప్పుడు జరుగుచున్న యాత్రల పట్టిక నొకదానిని తీసి చూడుడు. మొదటి దినము మహానంది, అహోబిలము. రెండవ దినము శ్రీశైలము, పాతాళగంగ, ఆనకట్ట. మూడవ దినము నాగార్జునసాగరము, నాగార్జునకొండ, ఎత్తిపోతల. మూడు దినములలో ఎనిమిది స్థలములు! ఇందు సగము కాలము బస్సులోనే గడచును. మిగిలిన దానిలో భోజనములకును, వరుసలలో నిలుచుటకును, తప్పిపోయిన బాలుని వెదకుటకును పోగా ఒక్కొక్క స్థలమునకు దక్కునది అరగంటయో గంటయో. ఆ గంటలో చిత్రములు తీసికొనుటతోడనే సరిపోవుచున్నది. తిరిగివచ్చిన విద్యార్థి నడిగినచో ఎన్ని చోట్లు చూచెనో వ్రేళ్లమీద లెక్కపెట్టి చెప్పును; ఏమి చూచెనో చెప్పుమన్నచో తడబడును. మోషే సీనాయి కొండపై నలువది దినములుండెనని మన బాలురు బైబిలు తరగతిలో చదువుదురు. మనమో కొండనెక్కిన గంటకే దిగుటకు ఈల వేయుచున్నాము.

నా యభిప్రాయమిది. ఒక యాత్రకు ఒక్క స్థలమే చాలును. పోవుటకు ముందు దానిని గూర్చి కొంత చదువవలెను. పోయినచోట కనీసము రెండు దినములు నిలువవలెను. తిరిగివచ్చిన పిదప చూచినదానిని వ్రాయవలెను. ఇట్లు చేసిన యాత్ర విద్య యగును. చేయనిది బస్సు ప్రయాణము మాత్రమే యగును.

ముందుగా చదువుటవలన కలుగు లాభమునకు ఆ కొండలనే నిదర్శనముగా తీసికొందము. నల్లమల తూర్పు కనుమలలో నొక భాగము. కృష్ణకును పెన్నకును నడుమ ఉత్తర దక్షిణములుగా వ్యాపించియున్నది. దాని శిఖరములలో మిక్కిలి యెత్తైనవి 900 మీటర్లకు కొంచెము మించినవి మాత్రమే. హిమాలయముల ప్రక్కన నిలిపినచో ఇవి పొట్టికొండలు. కాని వయస్సున తాతలు. హిమాలయములు పైకి లేచుట ఆరంభించి సుమారు 5 కోట్ల సంవత్సరములైనది. నల్లమల రాళ్లు పూర్వపు సముద్రముయొక్క అడుగున ఇసుకగాను బురదగాను పేరుకొని 100 కోట్ల సంవత్సరములకు పైగా గడచినవి. ఆ ఇసుక గట్టిపడి కొండకొమ్ముల మీది తెల్లని కఠినశిల యయ్యెను. ఆ బురద గట్టిపడి పొరలు పొరలుగా చీలు పలకరాయి యయ్యెను. మార్కాపురపు గనులలో తీసిన ఆ రాతి పలకలమీదనే మన తాతలును తండ్రులును ఓనమాలు దిద్దిరి. ఈ సంగతి తెలిసిన బాలుడు మార్గమున రాతికట్ట నొకదానిని చూచినంతనే బస్సు నాపుమనును. తెలియనివాడు నిద్రపోవుచుండును. కొండ యిద్దరికిని ఒక్కటియే, చూపు వేరు.

ఇక శ్రీశైలమును తలపోయుదము. నేడు దోర్నాలనుండి ఘాటు మార్గమున బస్సులో సుఖముగా కూర్చుండి పోవుచున్నాము. పూర్వము అట్లు కాదు. అద్దంకి రాజధానిగా పదునాలుగవ శతాబ్దమున రాజ్యమేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. విజయనగర ప్రభువైన రెండవ హరిహరరాయల దేవేరి విఠలాంబ కొండపైనుండి పాతాళగంగలోనికి దిగుటకు మెట్లు కట్టించెను. 1677 సం॥న ఛత్రపతి శివాజీ దక్షిణ దిగ్విజయమునకు పోవుచు ఈ కొండకు వచ్చెను. నేటికిని ఉగాదికి కన్నడదేశపు భక్తులు వేలకొలది ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా అడవిలో కాలినడకను వచ్చుచున్నారు. వారిలో ముసలివారును, చంటిబిడ్డల నెత్తుకొన్న తల్లులును కలరు. రాజులు మెట్లు కట్టించిరనగా నడచువారి కాళ్ల నొప్పిని వారు ఎరిగియుండిరనుట. ఆ మెట్లలో కొన్నింటినైనను మన కాళ్లతో ఎక్కి దిగిననేగాని ఆ కట్టడముల విలువ మనకు తెలియదు.

అచ్చటి ఆలయ ప్రాకారము నొక్కదానినే చూడుడు. కోటగోడవలె నున్న ఆ రాతి గోడ వెలుపలి ముఖమంతయు వరుసలు తీరి చెక్కిన శిల్పములతో నిండియున్నది. ఏనుగుల బారులు, గుఱ్ఱములు, వేటలు, పురాణ కథలు, తాపసులు, ఆటపాటలవారు, ఆ కాలపు జీవితమంతయు ఆ రాళ్లమీద నడచుచున్నది. అక్షరము రానివానికిని ఆ గోడ యొక పుస్తకము. దాని చుట్టును మెల్లగా తిరిగి, ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క రాతిని ఎన్నుకొని, అందలి మనుష్యులు ఏమి కట్టుకొనిరి, ఏ ఆయుధము పట్టిరి, ఏ వాద్యము వాయించిరి అని వ్రాసికొన్నచో చరిత్ర పాఠము ఒక మధ్యాహ్నములో జరిగిపోవును. మన బస్సులు మాత్రము తూర్పు ద్వారమునొద్ద దింపి తూర్పు ద్వారమునొద్దనే ఎక్కించుకొని పోవుచున్నవి.

పేరు పొందిన క్షేత్రములే చూడదగినవని యెంచుటయు పొరపాటే. ఈ కొండల పాదములయందు మనవారి ప్రజ్ఞకు సాక్ష్యములైన చెరువులు కలవు. గుండ్లకమ్మ యేరు కొండసందునుండి వెలువడుచోట రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపినది కంభము చెరువు. దానిని కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించెనని ఆ ప్రాంతపు జనులు చెప్పుకొందురు. దానికి దక్షిణముగా కడప మండలమున పోరుమామిళ్ల చెరువు కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు దానిని కట్టించి క్రీ.శ. 1369 సం॥న శాసనము వేయించెను. రెండు సంవత్సరములపాటు దినమునకు వేయిమంది కూలివాండ్రును, రాయి తోలుటకు నూరు బండ్లును ఆ పనిలో నుండిరని ఆ శాసనము చెప్పుచున్నది. ఈ రెండు చెరువులను 2020 సం॥న అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ కట్టడములుగా గుర్తించిరి. వాని కట్టలమీద విద్యార్థి బృందములు కానవచ్చుట మాత్రము అరుదు.

ఆ పోరుమామిళ్ల శాసనమున చెరువునకు కావలసిన అంగములు పండ్రెండును, తప్పించుకొనవలసిన దోషములు ఆరును లెక్కింపబడినవి. జలశాస్త్రమెరిగినవాడు, గట్టినేల, తీయని నీటి యేరు, మంచి రాతిగని మొదలగునవి అంగములు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల యెల్లమీద నుండుట మొదలగునవి దోషములు. ఈ కడపటి దోషమును చదివి నేటి విద్యార్థి ఒకింత ఆలోచింపగలడు. 2014 సం॥న రాష్ట్ర విభజన జరిగిన పిదప శ్రీశైలము, నాగార్జునసాగరము అను రెండు జలాశయములును ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును నడిమి యెల్లపై నిలిచినవి. నీటి పంపకమును గూర్చిన తగవులు వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. ఆరువందల యేండ్లనాటి రాతిమీది మాట నేటి వార్తకు వ్యాఖ్యానమైనది. ఇట్టి యెరుక యొక్క గంట చూపులో కలుగదు.

ఇక నాగార్జునకొండ. నా వాదమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. నల్లమల కొండశాఖలు చుట్టును కోటవలె నిలువగా, ఒక ప్రక్క కృష్ణ ప్రవహింపగా, నడుమ నొక లోయ యుండెడిది. మూడవ, నాలుగవ శతాబ్దములలో అదియే ఇక్ష్వాకు రాజుల విజయపురి. చాంతమూలుని సోదరి చాంతసిరి అచ్చట మహాచైత్యమును నిలుపుటకు ధనమిచ్చెను. సింహళదేశపు భిక్షువులకై ఒక విహారముండెను. మెట్లు మెట్లుగా కూర్చుండుటకు వీలుగా కట్టిన క్రీడారంగముండెను. రాజ్యము పోయిన పిదప లోయను అడవి క్రమ్ముకొనెను; ఆ నగరమచ్చట నుండెనని తలచినవారే లేకపోయిరి.

1926 సం॥న సూరపరాజు వెంకటరామయ్య అను స్థానిక పాఠశాలోపాధ్యాయుడు అచ్చట నొక ప్రాచీన స్తంభమును చూచి, అది సామాన్యమైన రాయి కాదని గ్రహించి, మదరాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. శాసన శాఖయందు తెలుగు సహాయకుడుగా నుండిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్టు దొరగారును, 1938 సం॥న టి. ఎన్. రామచంద్రన్‌గారును త్రవ్వించిరి. తరువాత కృష్ణకు ఆనకట్ట నిశ్చయమయ్యెను. లోయ మునుగునని తెలిసి 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. ఈలోగా 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి కొండమీదను అనుపునందును మరల కూర్చిరి. 1967 సం॥న కాలువలకు నీరు వదలబడెను. నేడు మనము లాంచీలో పోయి చూచు ద్వీపము ఆనాటి కొండకొమ్ము. లాంచీ క్రింద నున్న నీటి యడుగున ఆనాటి నగరము.

ఆనకట్టవలన లక్షలాది ఎకరములు పండినవి. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని యొక్క ప్రశ్న. ఆ యుపాధ్యాయుడు ఆ స్తంభమును చూచియు చూడనట్లు పోయియుండిన, లేక మరి ముప్పది నలువది యేండ్లవరకు దానిని గుర్తించువాడు లేకపోయియుండిన, ఏమి జరిగియుండెడిది? నీరు వచ్చి లోయను కప్పియుండును. ఒక రాజధాని, దాని చైత్యములు, విహారములు, శాసనములు అన్నియు ఎవ్వరికిని తెలియకయే మునిగియుండును. పోయినదని ఏడ్చుటకైనను ఎవ్వరును ఉండరు. పోయినదానికంటె పోయినదని తెలియకపోవుట పెద్ద నష్టము. దానినుండి మనలను కాపాడినది ఒక బడిపంతులు నిలిచి చూచిన చూపు. బడులనుండి బయలుదేరు మన యాత్రలు ఆ చూపును నేర్పుచున్నవా? లోయలోని రాళ్ల ప్రక్కనుండి ఎందరు నడచిపోలేదు? వారందరును ఆ స్థలమును చూచినవారే కదా!

నిలిచి చూచుటకు మర్యాదయు కావలెను. నల్లమల కేవలము రాళ్లు, చెట్లు కాదు; అచ్చట మనుష్యులు కలరు. చెంచులు ఆ యడవికి అనాదిగా కాపురస్థులు. వారి భాష తెలుగే. తాడు కట్టుకొని కొండచరియలనుండి వ్రేలాడి తేనె తీయుదురు. దుంపలు, బంక, కాయలు సేకరింతురు. ఏ చెట్టు ఏ నెలలో పూచునో, ఏ వాగున వేసవిలో నీరుండునో వారికి తెలిసినట్లు మరి యెవ్వరికిని తెలియదు. మనవారు కొందరు బస్సు నాపి, జంతువులను చూచినట్లు వారి గూడెమును చూచి, అడుగకయే చిత్రములు తీసి, పిల్లల చేతులలో మిఠాయి పెట్టి పోవుచున్నారు. ఇది చూచుట కాదు, అవమానించుట. అనుమతి పొంది, వారిలో పెద్దను ‘అయ్యా’ అని పిలిచి, గురువునెదుట కూర్చుండినట్లు కూర్చుండి రెండు మాటలు నేర్చుకొన్నచో అది యాత్రకు శోభ. పొరుగువానిని ప్రేమింపుమని నేర్పు పాఠశాలకు ఇంతకంటె తగిన పాఠమేది?

అడవియెడలను అదే మర్యాద కావలెను. 1978 సం॥న ఈ యడవి వన్యమృగ సంరక్షణ స్థలముగా ప్రకటింపబడి, 1983 సం॥న పులుల సంరక్షణ పథకమున చేరినది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరభాగము అమ్రాబాదు సంరక్షణ స్థలముగా తెలంగాణమున నున్నది. రాత్రివేళ ఘాటు మార్గమున వాహనములు పోరాదను నియమము ఆ మృగముల కొఱకే. మన బస్సులనుండి జారిపడిన ప్లాస్టిక్ సంచులను లేళ్లు తినుచున్నవి. మనము విసరిన బిస్కట్టులకు అలవాటుపడి కోతులు అడవిని విడిచి మార్గము ప్రక్కన బిచ్చగాండ్రవలె కూర్చుండి, బండ్ల క్రింద పడి చచ్చుచున్నవి. ఇక గుడిగోడలమీదను మండప స్తంభములమీదను పేరులు చెక్కువారి మాట చెప్పనేల? శిల్పి తన పేరు చెక్కుకొనక పోయిన రాతిమీద మనము పేరు చెక్కుట ఎంత సిగ్గుచేటు!

నా సూచనకు కొన్ని యాక్షేపణలు రాగలవు. మొదటిది: తలిదండ్రులు డబ్బిచ్చునది అనేక స్థలములు చూపుటకు, ఒక్కదానితో వారు తృప్తి చెందరు. దీనికి నా సమాధానమిది. ఒక్క స్థలమునకు పోయినచో వ్యయము తగ్గును. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ రైలుమార్గము అడవి మధ్యనుండియే పోవుచున్నది; రైలు టిక్కెట్టు బస్సు బాడుగలో కొద్దిపాలు. వ్యయము తగ్గినచో, నేడు డబ్బు లేక ఇంట నిలిచిపోవు పేద బాలుడును రాగలడు. యాత్ర పట్టిక అతికించిన నాడు పేరు వ్రాయించుకొనక తల వంచుకొని పోవు పిల్లలు ప్రతి తరగతిలోను కలరు. ఎనిమిది స్థలములు సగము తరగతి చూచుటకంటె ఒక్క స్థలమును తరగతి యంతయు చూచుట మేలు.

రెండవది: అడవిలో నడచుట అపాయకరము. నిజమే, కాన అటవీశాఖవారి అనుమతి లేని చోట అడుగుపెట్టరాదు. నేను చెప్పునది పులి గుహలను వెదకుమని కాదు. పాతాళగంగ మెట్లు, ప్రాకారపు చుట్టు, చెరువు కట్ట, అనుపు మైదానము, ఇవి నడచుటకు చాలును.

మూడవది: మనది క్రైస్తవ పాఠశాల, శివాలయమును బౌద్ధచైత్యమును చూపుట తగునా యని కొందరు సందేహింతురు. మన బల్లలమీద హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ప్రక్కప్రక్కన కూర్చుండి చదువుచున్నారు. పూజ ఎవరి విశ్వాసమును బట్టి వారిది. కాని తాతలు చెక్కిన రాయి అందరి సొత్తు. తన విశ్వాసము దృఢముగా గలవాడు పరుల పూజాస్థలమున చెప్పులు విడిచి నిశ్శబ్దముగా నిలుచుటకు వెరవడు.

నాలుగవది: పరీక్షల యెడ ఇంత చదువునకును వ్రాతకును తీరిక లేదందురు. భూగోళము, చరిత్ర, తెలుగు, చిత్రలేఖనము, ఈ నాలుగు గంటలలోను యాత్రాస్థలమునే పాఠముగా చేసికొన్నచో వేరు తీరిక అక్కరలేదు.

కావున నేను కోరునది స్వల్పము. వచ్చు సంవత్సరము ఒక్క తరగతి యైనను ఇట్లు చేసి చూడవలెను. ఎనిమిదవ తరగతివారు కంభము చెరువును, తొమ్మిదవ తరగతివారు శ్రీశైలమును, పదవ తరగతివారు నాగార్జునకొండను పంచుకొనవచ్చును. మూడు సంవత్సరములలో ప్రతి విద్యార్థియు మూడింటిని నిజముగా చూచినవాడగును. ప్రతివాడును ఒక్క రాతిని, ఒక్క చెట్టును, ఒక్క మనుష్యుని గూర్చి ఒక పుట వ్రాయవలెను. వానిలో మంచివి ఈ పత్రికయందే అచ్చు వేయవలెను. తెచ్చుకొనవలసినది ఆ పుట. విడిచిరావలసినది ఏమియు లేదు, కాగితపు ముక్కయైనను.

సోదర విద్యార్థులారా! నల్లమల మనకొఱకు వేచియుండును. నూరుకోట్ల యేండ్లు నిలిచినది మన తొందరను లెక్కచేయదు. కాని దాని యొడిలోని చెరువు కట్టలు, మెట్లు, శాసనపు రాళ్లు, చెంచుల తెలివి అట్లు వేచియుండవు. అవి గుర్తించువాడు లేకున్న సమసిపోవును. మీలో ఎవరో యొకరు రేపు ఏ పొలముగట్టుననో ఒక రాతిని చూచి నిలువవలసియుండును. ఆనాడు నిలుచు నలవాటు ఇప్పుడే చేసికొనుడు.